రేపటి బియ్యము – రేపటి చెరువు

"ఓర్చినమ్మకు తేటనీరు" అను సామెత తెలుగునాట ఎరుగని ఇల్లు లేదు. తొందరపడువారిని నిలుపుటకును, కష్టములో ఉన్నవారిని ఊరడించుటకును పెద్దలు ఈ మాటను వాడుదురు. ఒక్కొక్కప్పుడు న్యాయము అడుగవచ్చినవారిని వెనుకకు పంపుటకు కూడ ఇదే మాట ఉపయోగపడుచున్నది. ఈ సామెత పుట్టిన చోటు ఏది? వేసవిలో ఏరు ఎండిపోయినపుడు పల్లెలోని స్త్రీలు బిందెలు చంకన పెట్టుకొని ఇసుకలోనికి దిగుదురు. చేతులతోను, కొబ్బరి చిప్పతోను ఇసుక తోడి చెలమ తీయుదురు. మొదట ఊరిన నీరు బురదగా ఉండును. దానిని తోడి పారబోసి, మరల నీరు ఊరి తేరువరకు గట్టున కూర్చుందురు. తొందరపడి ముంచినామెకు మడ్డినీరు, ఓర్చినామెకు తేటనీరు. సామెత ఈ చివరి ఘట్టమును మాత్రమే చెప్పినది. చెలమ తీసిన శ్రమ వినువారికి తెలిసినదే గనుక దానిని విడిచిపెట్టినది. ఆ శ్రమను మరచి సామెతను మాత్రము పట్టుకొన్నవారు ఎండిన ఇసుకపై ఊరక కూర్చున్నను నీరు వచ్చునని చెప్పుచున్నట్లే.

ఓర్పు అనగా ఏమి, రాబోవు కాలమును భక్తుడు ఏ దృష్టితో చూడవలెను అను ప్రశ్న వీరశైవ కుటుంబములలో నేటికిని తీరని ప్రశ్న. బసవాది శరణులు దీనిని గూర్చి ప్రత్యేకముగా శాస్త్రము వ్రాయలేదు. వారి అభిప్రాయము వారి నడవడిలో కనబడును. అయితే ఆ నడవడిలోనే ఒక పెద్ద చిక్కు కూడ ఉన్నది. శరణ చరిత్రలలో మిక్కిలి పేరుపొందిన రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఆ చిక్కు తెలియును.

మొదటిది ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ. వీరు రాయచూరు ప్రాంతమందలి అమరేశ్వరమునుండి కళ్యాణమునకు వచ్చిన దంపతులు. బసవేశ్వరుని మహామనె ప్రాంగణమున నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వంట, ఆ వంటతోనే జంగమ దాసోహము, మిగిలిన ప్రసాదముతో తమ జీవనము. ఒకనాడు మారయ్య అల్లమప్రభువుతో జరిగిన తత్త్వగోష్ఠిలో కాలము మరచి కూర్చుండెను. లక్కమ్మ వచ్చి, కాయకపు వేళ అయినదని గుర్తు చేసెను. మహాజ్ఞాని సన్నిధిలో ఉన్న భర్తను పనికి పొమ్మని లేపిన ఆ సాధ్వి ధైర్యమును గూర్చి ఎంత చెప్పినను తక్కువయే. మారయ్య వెళ్ళెను. ఆనాడు బసవేశ్వరుడు అతని నిష్ఠను పరీక్షింపగోరి ప్రాంగణమున బియ్యము మామూలుకంటె ఎక్కువగా చల్లించెను. మారయ్య నిండు మూటతో ఇంటికి వచ్చెను. లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. ఇది ఒక దినమునకు కావలసినదానికంటె ఎక్కువ, ఎక్కడిది అక్కడ పోసి రమ్మని చెప్పెను. మారయ్య తిరిగి వెళ్ళి బియ్యమును ప్రాంగణమున పోసి వచ్చెను.

రెండవది సొన్నలిగె సిద్ధరామేశ్వరుని కథ. సొన్నలిగె అనగా నేటి మహారాష్ట్రములోని సోలాపురము. వాన తక్కువైన మెట్ట ప్రాంతము. అచ్చట సిద్ధరాముడు వందలకొలది జనమును కూడగట్టి చెరువు త్రవ్వించెను, దేవాలయములు కట్టించెను. చెరువు ఒక్క దినపు పని కాదు. మట్టి మోయువారికి కూలి, తిండి, పనిముట్లు సమకూర్చవలెను. ఎన్ని నెలలు పట్టునో, వానలు ఎప్పుడు వచ్చునో లెక్క చూచుకొనవలెను. నీరు నిండిన పిమ్మట త్రాగువారిలో అనేకులు అప్పటికి పుట్టియుండరు. అట్టి పనిని పూనుకొన్నవాడు రేపటిని గూర్చియే కాదు, ముందు తరములను గూర్చి కూడ ఆలోచించినవాడు. శరణ సంప్రదాయము ఆయనను తప్పు పట్టకపోగా శివయోగియని కొనియాడినది.

ఒక్క దినపు బియ్యమును రేపటికి ఉంచుకొనుట తప్పయినచో, తరతరములకు నీరు నిలువజేయుట ఒప్పు ఎట్లగును? రేపటిని గూర్చి తలపవద్దని లక్కమ్మ కథ చెప్పుచున్నట్లున్నది. రేపటి కొరకే బ్రతుకుమని సిద్ధరాముని కథ చెప్పుచున్నట్లున్నది. పురాణ ప్రవచనములలో ఈ రెండు కథలను వేర్వేరు దినములలో చెప్పుదురు గనుక శ్రోతలకు ఈ సందేహము తట్టదు. కాని కూతురు చదువునకు నెలనెలా కొంత సొమ్ము దాచు గృహస్థునకు ఇది పుస్తకములోని సందేహము కాదు. జీవిత బీమా కట్టుట అవిశ్వాసమా? పంట అమ్మిన సొమ్ములో విత్తనములకు కొంత తీసి ఉంచుట లోభమా? లక్కమ్మ వీరి ఇంటికి వచ్చినచో మూటను తిరిగి పంపునా?

మారయ్య తెచ్చిన ఎక్కువ బియ్యము ఎవరిది అని అడిగినచో కొంత వెలుగు కనబడును. అది బసవేశ్వరుని ఇంటి బియ్యము. దాసోహమునకు ఉద్దేశింపబడినది. ప్రాంగణమున రాలిన గింజలు మారయ్యవంటి మరికొందరు బీదలు ఏరుకొనవచ్చినవే. తన రేపటి భయమును తీర్చుకొనుటకు ఇతరుల నేటి అన్నమును మూట కట్టుట జరిగినది. లక్కమ్మ నిరాకరించినది దానిని. రేపును ఆమె నిరాకరించినట్లు కథలో ఎక్కడను లేదు. రేపు మరల కాయకము చేయవలసియుండునని ఆమెకు బాగుగా తెలియును. లేనిచో గోష్ఠిలో ఉన్న భర్తను పనికి లేపియుండదు. సిద్ధరాముని చెరువులో నీరు సిద్ధరాముని ఇంటి తొట్టిలోనికి పోలేదు. అది దారిన పోవువారికి, పశువులకు, పొలములకు పోయెను. ఒకరి రేపు తనకొరకు, మరియొకరి రేపు ఇతరులకొరకు అని ఇంతటితో తేల్చివేయవచ్చును. పండితులు అనేకులు అట్లే తేల్చుదురు.

కాని గృహస్థుని ప్రశ్న అంత సులభముగా తీరదు. కూతురు తనదా, ఇతరులదా? భార్యకొరకు కట్టిన బీమా స్వార్థమా, దాసోహమా? మమకారము చాల నేర్పరి. తనకొరకు దాచుకొన్నదానికి పిల్లల పేరు పెట్టుట దానికి కష్టము కాదు. కనుక తన రేపు, పరుల రేపు అను గీత ఒక్కటే చాలదు. లక్కమ్మ చేతనే మరియొక కొలత దొరకుచున్నది. రేపటికొరకు తీసి ఉంచిన దానివలన నేటి దాసోహము తగ్గినదా? ఇంటికి వచ్చినవానికి పెట్టవలసిన ముద్ద తగ్గినదా? పనివానికి ఇయ్యవలసిన కూలి వాయిదా పడినదా? తగ్గినచో ఆ దాచినది మారయ్య మూటయే, పిల్లల పేరు పెట్టినను సరే. తగ్గనిచో అది చెలమ వంటిది, త్రవ్వవలసినదే. ఈ కొలత ఖచ్చితమైనదని అనరాదు. ఒకే ఇంటిలో ఒకే నెలలో ఇది రెండు విధములుగా పలుకవచ్చును. అయినను ప్రతి సంక్రాంతికి ఒకసారి ధాన్యపు గాదెను, లెక్కల పుస్తకమును ముందు పెట్టుకొని భార్యాభర్తలు ఈ ప్రశ్న వేసికొనుట మేలు. భర్త ఒక్కడే వేసికొనినచో జవాబు తనకు అనుకూలముగా వచ్చు ప్రమాదము కలదు. మారయ్య మూట విషయమున తీర్పు చెప్పినది లక్కమ్మ గదా.

సిద్ధరాముని కథలో ఇంకొక మలుపు ఉన్నది. దానిని విడిచి చెరువును మాత్రమే పొగడుట సరికాదు. చెరువు పని సాగుచున్నపుడు అల్లమప్రభువు సొన్నలిగెకు వచ్చెను. వచ్చి, మట్టి త్రవ్వించు పనివాడుగా సిద్ధరాముని ఎత్తిపొడిచి మాటలాడెను. పనివారు కోపముతో అల్లమునిపై రాళ్ళు విసిరిరని శూన్యసంపాదనె కథ చెప్పును. పిమ్మట సిద్ధరామునకును అల్లమునకును జరిగిన వాదమున తేలినది ఇది: చెరువు త్రవ్వుట తప్పు కాదు, త్రవ్వించినవాడను నేను అను తలపు మిగిలియున్నంతవరకు ఆ పని బంధమే. సిద్ధరాముడు దీనిని గ్రహించి కళ్యాణమునకు వచ్చి చెన్నబసవన్న చేత ఇష్టలింగ దీక్ష పొందెను. అనగా పరుల రేపటికొరకు శ్రమించువానికి కూడ ఒక వల కాచుకొని ఉన్నది. ముందు తరములవారు తన పేరు చెప్పుకొనవలెనను కోరిక కూడ ఒక విధమైన మూటయే. బియ్యపు మూటకంటె అది బరువైనది. నేడు మఠములకు, కళ్యాణ మంటపములకు పోయినవారికి గోడనిండ దాతల శిలాఫలకములు కనబడును. గోడ చాలనిచోట పంకాల రెక్కలపై కూడ పేర్లు వ్రాయింతురు. పంకా తిరుగునపుడు ఆ పేరు ఎవరికిని కనబడదు. దాతకు ఇంతకంటె మంచి ఉపదేశము దొరకదు.

ఇక కాలమును గూర్చి. బసవేశ్వరుడు తిథి, వారము, నక్షత్రము చూచి శుభాశుభములు నిర్ణయించుటను ఒప్పుకొనలేదు. శివుని దినములలో చెడ్డ దినము లేదనుట వచనకారులకు సాధారణ ధోరణి. ఇష్టలింగము దేహముపైననే ఉండగా భక్తునకు వర్జ్యమేమి, రాహుకాలమేమి? అయినను నేడు ఇష్టలింగము ధరించిన ఇండ్లలోనే పెండ్లికి మూఢము అడ్డము వచ్చును, గృహప్రవేశమునకు ఆషాఢము అడ్డము వచ్చును. మంచి సంబంధము కుదిరియు ఆరు నెలలు ఆగిన కుటుంబములు కలవు. అడిగినచో ఓర్పు వహించితిమని చెప్పుదురు. ఇది ఓర్పు కాదు. రాబోవు దానికి జడిసి చేయు జాగు. పంచాంగమును నిందించుట ఇచ్చటి ఉద్దేశము కాదు. ఋతువులను, కార్తులను లెక్కించుటలో అది రైతునకు శతాబ్దములుగా తోడ్పడినది. ఏరువాకకు కార్తె చూచుట వానను గమనించుట. పెండ్లికి గడియ చూచుట కాలమును చూచి భయపడుట. రెండింటికిని ఒకే పుస్తకము వాడబడుచున్నంతమాత్రమున రెండును ఒకటి కావు.

ఓర్పు పేరున జరుగు జాగులలో అతి బాధాకరమైనది ఇంకొకటి కలదు. దానిని చెప్పవలెనన్నచో కళ్యాణపు చివరి దినములకు పోవలెను. చర్మకార కులమున పుట్టిన హరళయ్య, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు ఇరువురును లింగదీక్ష పొందిన శరణులు. హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తెను ఇచ్చి వివాహము చేయ నిశ్చయించిరి. లింగము ధరించినవారికి పూర్వకులము లేదని అందరును ఒప్పుకొన్న మాటయే. ఒప్పుకొన్న మాటను ఇంటిలోనికి తెచ్చుకొనుట మాత్రము అదే మొదలు. ఆనాడు హితవు కోరిన పెద్దలు వారికి ఏమి చెప్పియుందురో ఊహించుట కష్టము కాదు. ఇప్పుడు తొందరపడవద్దు, రాజు సుముఖుడుగా లేడు, లోకము ఇంకను సిద్ధముగా లేదు, పది సంవత్సరములు ఓపిక పట్టుడు అని చెప్పియుందురు. వారు ఓపిక పట్టలేదు. వివాహము జరిగెను. బిజ్జలుడు ఆ ఇరువురు తండ్రులకు కఠినమైన మరణశిక్ష విధించెను. తరువాత బిజ్జలుడును హతుడయ్యెను. 1167 ప్రాంతమున కళ్యాణము చెదరిపోయెను. బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యము చెందెను. చెన్నబసవన్నతో కూడిన శరణులు ఉళివి వైపు అడవులు పట్టి పోయిరి.

ఫలితమును బట్టి చూచువారు ఆ వివాహము తొందరపాటు అందురు. ఇంత మహోద్యమము ఒక పెండ్లి వలన చెడినదని విచారింతురు. ఈ విచారము నిజాయితీగలదే. దానిని త్రోసివేయరాదు. హరళయ్య ఇంటివారు పోగొట్టుకొన్నది ఏ వాదముచేతను తిరిగి రాదు. కాని ఒక సంగతి గమనింపదగినది. కాలము ఇంకను రాలేదను మాట ఎల్లప్పుడును ఎవరి నోట వచ్చును? ఆగుటవలన తమకు నష్టము లేనివారి నోట. ఎండలో నిలిచినవానికి ఓర్పు బోధించువాడు సాధారణముగా నీడలో కూర్చుండి ఉండును. హరళయ్యకు కాని, అతని కుమారునికి కాని పది సంవత్సరములు ఆగుమనుట పది సంవత్సరములు తక్కువవారుగా బ్రతుకుమనుట. అట్టి ఆగుటను శరణులు సహనమని పిలువలేదు. తన బాధను తాను భరించుట సహనము. పరుల బాధను తాను భరించెదనని చెప్పుట సులభము, దానికి వేరొక పేరు ఉండవలెను.

ఎనిమిదిన్నర శతాబ్దములు గడచినవి. 1949 లో వేర్వేరు కులముల, ఉపకులముల మధ్య జరిగిన హిందూ వివాహములు చెల్లునని దేశమున చట్టము వచ్చినది. చట్టము వచ్చి డెబ్బదియైదు సంవత్సరములు దాటినది. బసవ జయంతి సభలలో హరళయ్య పేరు చెప్పని వక్త లేడు. అదే వక్త ఇంటికి పోయి పిల్లకు సంబంధము చూచునపుడు జంగమ శాఖయా, బణజిగ శాఖయా, వేరొక శాఖయా అని విచారించును. లింగాయతులలోనే శాఖ దాటి పిల్లనిచ్చుటకు వెనుకాడు ఇండ్లు ఇంకను కలవు. కారణము అడిగినచో మాకు అభ్యంతరము లేదు, బంధువులు ఒప్పరు, కాలము రావలెను అందురు. ఆ బంధువుల ఇంటికి పోయి అడిగినను అదే జవాబు వచ్చును. కాలము ఎక్కడినుండి రావలెను? అది గుమ్మము బయట నిలిచి పిలుపుకొరకు చూచు అతిథి కాదు. సొన్నలిగె చెరువు దానంతట అది త్రవ్వబడలేదు. ఈ చెలమను కూడ ఎవరో ఒకరు చేతులు గాయపడునట్లు తీయవలసినదే. మొదట ఊరు నీరు బురదగానే ఉండును. కొందరు చుట్టములు పెండ్లికి రారు, కొందరు వచ్చి భోజనము చేయక పోవుదురు. ఓర్పునకు అసలు చోటు అక్కడ ఉన్నది. పని చేసిన పిమ్మట, నీరు తేరువరకు, మాట పడి ఊరకుండుట. ఆ ఊరకుండుట చాల కష్టము, దానిని కోడలుగా వచ్చిన పిల్ల ఒక్కతెపై వేయక ఇంటిల్లిపాది పంచుకొనవలెను.

చెదరిన శరణులు ఆ తరువాత చేసిన పని ఓర్పునకు మరియొక ముఖము. వారు అడవులకు పోవునపుడు వచనముల తాళపత్రములను మోసికొని పోయిరని సంప్రదాయము. తాటియాకు శాశ్వతమైన వస్తువు కాదు. గంటముతో గీసి, మసి పూసి వ్రాసిన ఆకు చెమ్మకు, పురుగునకు లోబడి కొన్ని తరములలో శిథిలమగును. అది చెడకముందే ఎవరో ఒకరు కూర్చుండి క్రొత్త ఆకులపై ఎత్తి వ్రాయవలెను. ఆ వ్రాసినవానికి తాను వ్రాయుచున్న దానిని ఎవరు చదువుదురో తెలియదు. రాజాశ్రయము లేదు, సభ లేదు. పదునైదవ శతాబ్దమున విజయనగర ప్రభువైన ప్రౌఢదేవరాయల కాలమునకు గాని వచనముల సంకలనము, శూన్యసంపాదనె కూర్పు విరివిగా సాగలేదు. మధ్యనున్న రెండున్నర శతాబ్దముల వ్రాయసకాండ్రలో అత్యధికుల పేర్లు నేడు తెలియవు. ఇంకను పిమ్మట విజాపురములో న్యాయవాదిగా ఉన్న ఫ.గు. హళకట్టి ఇండ్లలోను మఠములలోను మూలపడియున్న తాళపత్రములను వెదకి సేకరించి 1923 లో వచనశాస్త్రసారము మొదటి భాగమును ప్రకటించెను. 1926 లో శివానుభవ పత్రికను స్థాపించెను. వకీలు వృత్తిలో వచ్చు ఆదాయమును విడిచి, ముద్రణాలయము కొరకు ఇంటిని సైతము అమ్ముకొని, 1964 లో మరణించువరకు అదే పనిలో ఉండెను. కళ్యాణమునుండి హళకట్టి వరకు ఆ త్రాడు తెగకుండ ఉండుటకు ప్రతి తరమున ఎవరో ఒకరు తమ నాటి కాయకముగా ఒక ఆకును ఎత్తి వ్రాయుటయే కారణము.

తెలుగువారికి ఈ త్రాడులో ఒక పేట కలదు. పదుమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవ పురాణమును సంస్కృత వృత్తములలో కాక ద్విపదలో, అందరు పాడుకొనదగిన తెలుగున రచించెను. సంస్కృత భూయిష్ఠమైన ప్రౌఢిని మెచ్చు పండితులు చిరకాలము ద్విపదను చిన్నచూపు చూచిరి. సోమనాథుడు వారి మెప్పుకొరకు ఆగలేదు. ఆ గ్రంథమునే భీమకవి 1369 లో కన్నడమునకు తెచ్చెను. కన్నడనాట పుట్టిన మహాపురుషుని కథ తెలుగున పురాణమై, తిరిగి కన్నడనాడు చేరినది.

విద్యాసంస్థల విషయము అందరెరిగినదే గనుక విస్తరింపనక్కరలేదు. 1916 లో బెళగావిలో ఏడుగురు యువకులు కలసి స్థాపించిన కర్ణాటక లింగాయత విద్యాసంఘము, తుమకూరు సిద్ధగంగా మఠమున 2019 లో లింగైక్యము చెందిన శ్రీ శివకుమార స్వాములు నూరేండ్లు దాటిన జీవితమును ధారపోసి కుల భేదము లేక వేలకొలది పిల్లలకు నడిపిన అన్నవిద్యాదాసోహము, రెండును సిద్ధరాముని చెరువు జాతికి చెందినవి.

ఇంతవరకు చెప్పిన ఓర్పులన్నిటికి చివర ఏదో ఒక తేటనీరు ఉన్నది. చెరువు నిండెను, ఆకులు అచ్చయ్యెను, పిల్లలు చదివిరి. తేటనీరు రానే రాదని ముందుగా తెలిసిన చోట ఓర్పు మాట ఏమి? పక్షవాతముతో మంచము పట్టిన అత్తకు, మతి తప్పిన మామకు, తీరని వ్యాధి గల బిడ్డకు సేవచేయు ఇల్లాండ్రు ప్రతి ఊరిలోను కలరు. వారికి రేపు నేటికంటె మేలుగా ఉండదు, ఒకింత కీడుగానే ఉండును. త్వరలో నయమగునని చెప్పుట అబద్ధము. పూర్వకర్మ అని చెప్పుట క్రూరము, శరణ ధర్మమునకు తగదు. ముందు మంచి కాలము వచ్చునని చెప్పినచో, ఆ మంచి కాలము రోగి మరణించిన పిమ్మట వచ్చునదే గనుక, విన్న ఇల్లాలి మనసు తనను తాను నిందించుకొనును. సాధారణ సానుభూతి మాటలలో ఇంత ముల్లు ఉన్నదని చెప్పువారికి తెలియదు.

ఇట్టివారికి నులియ చందయ్య కథ కొంత దగ్గర. ఆయన గడ్డి కోసి త్రాడు పేని అమ్మి, ఆ వచ్చిన దానితో జంగమ సేవ చేయువాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా మెడలోని ఇష్టలింగము జారి నీటిలో పడెను. చందయ్య దానికొరకు ఆగక పని సాగించెను. లింగమే ఆయన వెంటబడి వచ్చినదని, మడివాళ మాచయ్య నడుమ పడి సంధి చేసెనని కథ. లింగమును నిర్లక్ష్యము చేయవచ్చునని దీని అర్థము కాదు. మాచయ్య కూడ చందయ్యను మందలించియే లింగమును మరల స్వీకరింపజేసెను. గురువైనను, లింగమైనను, జంగమమైనను కాయకము ద్వారా వచ్చినపుడే ముక్తి అని శరణులు ఎంత దూరము నమ్మిరో ఈ కథ వలన తెలియును. పని అక్కడికక్కడ పూర్ణము. దాని విలువ రేపు వచ్చు ఫలితమునకొరకు కాచుకొని ఉండదు. అత్తగారి ప్రక్క మార్చి, పుండు కడిగి, గంజి పట్టిన ఆ పూట ఆ పనితోనే నిండినది. రేపు ఆమె లేవకపోయినను అది చెరువులో పోసిన మట్టి వలె వ్యర్థము కాదు.

అయితే ఈ మాటను కూడ నీడలో కూర్చున్నవారు చెప్పినచో ఎండలో నిలిచిన ఇల్లాలికి ఏమి ఉపకారము? కాయకము పూర్ణమని ఆమెకు ఉపదేశించి ప్రక్కింటివారు తమ ఇంటికి పోవుట లక్కమ్మ కాలపు ధర్మము కాదు. కళ్యాణమున దాసోహమనగా అన్నము ఒక్కటే కాదు, తనకు ఉన్నదానిని పంచుట. నేటి గృహస్థునకు అన్నముకంటె కరవైనది కాలము. వీధిలోని నాలుగు లింగాయత ఇండ్లు, లేక మఠము తరపున నలుగురు స్త్రీలు, పురుషులైనను సరే, వంతులవారీగా వారమునకు ఒక్కొక్క గంట ఆ రోగి ప్రక్కన కూర్చుండినచో చాలును. పండ్లు తేనక్కరలేదు, ఉపదేశము చేయనక్కరలేదు. ఆ గంటలో ఆ కోడలు తలంటుకొనవచ్చును, తొందర లేక ఇష్టలింగ పూజ చేసికొనవచ్చును, లేక తలుపు వేసికొని ఊరక నిద్రపోవచ్చును.